బొమ్మ మీద ముద్ర సరిపోదు: పెద్దలను ట్రయల్స్‌కు పిలిచే ఆన్‌లైన్ ప్రకటనలపై హైదరాబాద్ ఎథిక్స్ కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎథిక్స్ కమిటీ సభ్యులకు, ట్రయల్ స్పాన్సర్లకు, వాళ్ల తరఫున ట్రయల్స్ నడిపే సంస్థల (సీఆర్‌ఓల) బాధ్యులకు నమస్కారం.

అరవై దాటినవాళ్లను క్లినికల్ ట్రయల్స్‌లోకి తీసుకోవడానికి ఫేస్‌బుక్, యూట్యూబ్, గూగుల్‌లో ప్రకటనలివ్వడం తప్పని మేం అనడం లేదు. ఇవ్వాలి కూడా. షుగరు, బీపీ, గుండె, మోకాళ్లు, మతిమరుపు మందులు ఎక్కువగా వాడేది పెద్దలే. ఆ మందుల్ని పరీక్షించే చోట తక్కువగా కనిపించేదీ వాళ్లే. పెద్దలూ వాడబోయే మందైతే 65 దాటినవాళ్లు కనీసం 100 మందైనా అధ్యయనాల్లో ఉండాలని మందుల పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే ఐసీహెచ్ వారి ఈ7 మార్గదర్శకం 1993లోనే సూచించింది. ఓపీకి వచ్చినవాళ్లనే అడుగుదామనుకుంటే దొరికేది జబ్బు ముదిరినవాళ్లు, లేదా వెంట వచ్చే మనిషి ఉన్నవాళ్లు. మిగతావాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఇవాళ ఫోనే దగ్గరి దారి.

మా ఫిర్యాదు ఆ ప్రకటనలను మీరు ఆమోదించే తీరు మీద. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం ప్రకటనలు కూడా కమిటీ చూడాల్సిన పత్రాలే. కానీ ఫైల్‌లో వచ్చేది ఏమిటి? ఒక బొమ్మ, దాని మీద నాలుగు లైన్ల తెలుగు, వెనకాల ఇంగ్లీషు మూలం. చదువుతారు, ఒకటి రెండు మాటలు మారుస్తారు, ముద్ర పడుతుంది. గోడకంటించే పోస్టరుకు ఆ పద్ధతి చాలు. ఆన్‌లైన్ ప్రకటనలో ఆ బొమ్మ తర్వాత చాలా ఉంటుంది: అది ఎవరికి కనిపించాలనే సెట్టింగులు, నొక్కితే తెరుచుకునే ఫారం, మర్నాడు వచ్చే ఫోన్, కింద పడే కామెంట్లు, చివరికి ఎక్కడ నిల్వ ఉంటుందో తెలియని సమాచారం. ఇవేవీ మీ ఫైల్‌లో ఉండవు. పెద్దలకు చిక్కులొచ్చేది సరిగ్గా అక్కడే.

బొమ్మ మీది మాటలు కూడా మీరు ఆమోదించినట్టే ఉంటాయన్న నమ్మకం లేదు. గూగుల్ సెర్చ్ ప్రకటనకు ప్రకటనల ఏజెన్సీ 15 దాకా శీర్షికలు, 4 దాకా వివరణలు ఇస్తుంది. వాటిలో ఏవి ఏ వరుసలో కలపాలో యంత్రం నిర్ణయిస్తుంది. "మోకాళ్ల నొప్పులా?" అన్న శీర్షిక పక్కన "ఇది పరిశోధన మాత్రమే" అన్నది వస్తుందో రాదో మన చేతిలో ఉండదు. ఒక్కో శీర్షికకు 30 అక్షరాలే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి "క్లినికల్ ట్రయల్" అన్న రెండు మాటలకే సగం చోటు పోతుంది. చోటు చాలనప్పుడు ఏజెన్సీ మొదట కొట్టేసేది "పరిశోధన" అన్న మాటనే. అందుకే ప్రతి శీర్షికనూ పక్కన ఇంకేమీ లేనట్టు ఊహించుకుని చదవండి. ఒంటరిగా నిలబడితే మోసం చేసే వాక్యాన్ని తీసేయండి. పరిశోధన అని చెప్పే శీర్షికను మొదటి స్థానంలో కదలకుండా పిన్ చేసే సదుపాయం గూగుల్‌లో ఉంది. పిన్ చేసిన స్క్రీన్‌షాట్ అడగండి. ఫేస్‌బుక్ నడిపే మెటాలో యంత్రమే మాటలు మార్చి, బొమ్మకు మెరుగులు దిద్దే అడ్వాంటేజ్ ప్లస్ సదుపాయాలుంటాయి. అవి ఆపేసి ఉన్నాయని కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక "ఉచితం". ఈ నగరంలో ఉచిత కంటి శిబిరం, ఉచిత షుగర్ పరీక్ష అంటే పెద్దలకు కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగే సేవా కార్యక్రమం. "60 దాటినవారికి ఉచిత జ్ఞాపకశక్తి పరీక్ష" అని వేస్తే వచ్చేవాళ్లు శిబిరానికి వచ్చామనే అనుకుంటారు. తీరా సమ్మతి పత్రం ముందు పెట్టాక, ఇంత దూరం వచ్చాం, డాక్టరు గారు ఇంత చెబుతున్నారు, కాదంటే బాగుండదేమో అన్న మొహమాటంతో సంతకం పెడతారు. మన పెద్దల మొహమాటం సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని స్వేచ్ఛాసమ్మతి అనరు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ విషయంలో ఎప్పుడో గీత గీసింది: పరీక్షలో ఉన్న మందు సురక్షితమని, బాగా పనిచేస్తుందని అనకూడదు, పరిశోధనలో ఉందని చెప్పకుండా "కొత్త చికిత్స" అనకూడదు, ఇచ్చే డబ్బును పెద్ద అక్షరాల్లో ఊదరగొట్టకూడదు. మన దగ్గర 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉండనే ఉంది. షుగరు, బీపీ, కంటి శుక్లం, పక్షవాతం వంటివి నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించే జాబితా అందులో ఉంది. ఉత్సాహం ఎక్కువైన ఏజెన్సీ రాత ఆ చట్టం అంచుదాకా పోగలదు.

ప్రకటనలో తప్పక ఉండాల్సినవి మా లెక్కలో ఇవి: ఇది పరిశోధన అన్న మాట, ఆసుపత్రి పేరు, ప్రాంతం, ఎన్నిసార్లు రావాలి, ఎన్ని నెలలు, సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య, ఆసుపత్రి ల్యాండ్‌లైన్. ప్లాసిబో ఉన్న ట్రయలైతే "కొందరికి అసలు మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే మందులేని మాత్ర, ఎవరికి ఏదో కంప్యూటర్ లాటరీలాగా తేలుస్తుంది" అని నొక్కాక వచ్చే మొదటి పేజీలోనే రాయాలి. "యాదృచ్ఛికీకరణ" అని రాసి చేతులు దులుపుకుంటే పేజీ తెలుగులో ఉన్నట్టు కాదు.

ఎవరికి చూపించాలన్నది తర్వాతి ముడి. మన చట్టంలో వృద్ధులంటే 60 ఏళ్లు నిండినవాళ్లు. మెటాలో, గూగుల్‌లో వయసు ఎంపిక 65 దాటాక ఒకటే మూట. 75 దాటినవాళ్లకే చూపించమని అడగడానికి వీల్లేదు. పైగా ఆ వయసులు నిజమైనవీ కావు. తాతగారి అకౌంటు మనవడు తెరిచి ఉంటాడు, పుట్టిన సంవత్సరం దగ్గర తోచింది నొక్కి ఉంటాడు. కాబట్టి ప్రోటోకాల్‌లో (ట్రయల్ నియమాల పత్రంలో) 70 పైన అని ఉంటే ప్రకటనను 55 నుంచి చూపించి, వయసును ఫారంలోనే అడగడం మేలు. జబ్బును బట్టి గురిపెట్టే దారులు దాదాపు మూసుకున్నాయి. ఆరోగ్య విషయాలకు సంబంధించిన ఆసక్తుల జాబితాలను మెటా 2022 జనవరిలో తీసేసింది. క్లినికల్ ట్రయల్ రిక్రూట్‌మెంట్‌ను గూగుల్ వ్యక్తిగత ప్రకటనల్లో సున్నితమైన కోవలో పెట్టింది. ఒకసారి పేజీ చూసినవాళ్లను వెంటాడే రీమార్కెటింగ్ ఇక్కడ కుదరదు. "మీకు షుగర్ ఉందా?" అని చదివేవాళ్లకు జబ్బు అంటగట్టే వాక్యాన్ని మెటా తిరస్కరిస్తుంది. "షుగరు మందులపై జరిగే అధ్యయనానికి 60 దాటినవారు కావాలి" అంటే సాధారణంగా పోతుంది. ఏజెన్సీలు దీన్నొక అడ్డంకిలా చెబుతాయి. మాకైతే ఇది పెద్దల గౌరవాన్ని కాపాడే నిబంధనే అనిపిస్తుంది.

మిగిలింది చోటును బట్టి ఎంచుకోవడం. యూట్యూబ్‌లో ప్రవచనాలు, పంచాంగం, పాత పాటలు, వార్తా చర్చలు వచ్చే చానెళ్లను పేరుపేరునా ఎంచుకోవచ్చు. ఎంచుకోకుండా "ఎక్కడైనా చవగ్గా చూపించు" అని వదిలేస్తే ప్రకటన గేమ్ యాప్‌లలోకి పోతుంది. అక్కడ పడే క్లిక్కుల్లో చాలావరకు ప్రకటన మూయబోయి వేలు జారినవే. మెటాలో ఆడియన్స్ నెట్‌వర్క్‌ను (ఇతర యాప్‌లలో ప్రకటన చూపించే ఏర్పాటును), గూగుల్ డిస్‌ప్లేలో గేమ్ యాప్‌లను మినహాయించమనండి. క్లిక్కు ధర పెరిగిందని స్పాన్సర్ కంగారుపడతారు. పడనివ్వండి.

మరో సంగతి: తల్లిదండ్రుల కోసం వెతికేది తరచుగా కూతుళ్లు, కొడుకులు. 35 నుంచి 54 ఏళ్లవాళ్లకు వేరే ప్రకటన ఉండాలి, దాని మాటలు వేరుగా ఉండాలి. డాలస్‌లో ఉన్న కొడుక్కి చూపించి ఇక్కడి నాన్నగారిని పంపించమనడం మాత్రం వద్దు. విజిట్లకు తీసుకొచ్చేవాళ్లుండరు, మూడో విజిట్‌కే మానేస్తారు. పిల్లలు ఫారం నింపినా మొదటి మాట పెద్దవాళ్లతోనే మొదలవ్వాలి. "అమ్మకు చెప్పలేదండీ, మీరే చెప్పండి" అన్న ఫారాన్ని పక్కన పెట్టి, అమ్మగారికి చెప్పాక మళ్లీ చేయమని ఆ కూతురితో అనాలి.

ఫారం దగ్గర జరిగే తప్పులు చిన్నవిగా కనిపిస్తాయి కానీ సగం మందిని అక్కడే పోగొట్టుకోగలవు. పుట్టిన తేదీకి క్యాలెండర్ పెడతారు. 1948 దాకా వేలితో వెనక్కి జరపాలి. "మీ వయసు" అని ఒక గడి ఇచ్చి రెండంకెలు కొట్టమంటే సరిపోతుంది. పేరు ఇంగ్లీషులోనే రాయాలన్న నిబంధన ఉంటుంది. లేత బూడిద రంగు అక్షరాలుంటాయి, శుక్లం ఉన్న కంటికి అవి కనిపించవు. పెద్దలు చాలామంది ఫోన్లో అక్షరాల సైజు పెంచి పెట్టుకుంటారు. ఆ సైజులో "సమర్పించు" బటన్ తెర కిందికి జారిపోతుంది. ఆమోదించే ముందు ఒక మామూలు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఫారాన్ని మొదటి నుంచి చివరి దాకా మీరే నింపి చూడండి. మెటా తయారుగా ఇచ్చే ఇన్‌స్టంట్ ఫారం పేరును, నంబర్‌ను ప్రొఫైల్ నుంచి తనంతట తనే నింపేస్తుంది. ఆ నంబర్ ఎప్పుడో మార్చేసిన సిమ్‌ది కావచ్చు, తెలియకుండానే పంపేసి ఉండనూ వచ్చు. పంపేముందు మరోసారి సరిచూసుకునే మెట్టున్న రకాన్ని పెట్టమనండి. ఫారం ఎంత బాగున్నా సరే, పక్కన మిస్డ్ కాల్ నంబర్ ఇవ్వండి. క్యూఆర్ కోడ్‌కు పలకనివాళ్లు మిస్డ్ కాల్‌కు పలుకుతారు.

అన్నిటికంటే కష్టం ఫోన్. తెలియని నంబర్ ఎత్తొద్దని, లింకులు నొక్కొద్దని, ఓటీపీ చెప్పొద్దని పోలీసులు, బ్యాంకులు, పిల్లలు అందరూ పెద్దలకు చెబుతున్నారు. డిజిటల్ అరెస్టు పేరుతో జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నవాళ్ల కథలు రోజూ పేపర్లో చదువుతున్నారు. మోసమైతే 1930కి చేయాలని కూడా తెలుసు. అలాంటివాళ్లకు 140తో మొదలయ్యే టెలిమార్కెటింగ్ నంబర్ నుంచి "మీ హెల్త్ డిటెయిల్స్ కన్ఫర్మ్ చేసుకుంటున్నాం" అని ఫోనొస్తే పెట్టేస్తారు. పెట్టేయడమే సరైన పని కూడా. వాళ్ల జాగ్రత్తను తగ్గించేలా మాట్లాడే స్క్రిప్టును మీరు ఎన్నడూ ఆమోదించకూడదు. ఈ తరహా స్క్రిప్టు చాలు:

"నమస్కారం అండి. ఫలానా ఆసుపత్రి పరిశోధన విభాగం నుంచి మాట్లాడుతున్నాను. నిన్న మా ప్రకటన చూసి మీ నంబర్ ఇచ్చారు. ఆధార్, బ్యాంకు, ఓటీపీ ఏవీ అడగం. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే ఫోన్ పెట్టేసి, ఆసుపత్రి ల్యాండ్‌లైన్‌కు చేసి మా విభాగం అడగండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాక చేసినా పరవాలేదండి."

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పెద్దాయన నిజంగానే ల్యాండ్‌లైన్‌కు చేస్తే, ఆపరేటర్‌కు ఆ అధ్యయనం పేరే తెలియదు. "అలాంటిదేం లేదండి" అని పెట్టేస్తారు. అప్పటిదాకా అనుమానమే, ఆ క్షణం నుంచి అది మోసమని రూఢి. ప్రకటన మొదలయ్యే ముందే ఆపరేటర్‌కు, రిసెప్షన్‌కు, సెక్యూరిటీకి ఒక పేజీ కాగితం ఇవ్వాలి: అధ్యయనం పేరు తెలుగులో, కోఆర్డినేటర్ పేరు, గది నంబర్, ఎక్స్‌టెన్షన్. ఆ కాగితం కాపీ కూడా మీ ఫైల్‌లో ఉండాలని మా కోరిక.

ఫోన్ చేసే వేళ పదిన్నర నుంచి పన్నెండు దాకా, మళ్లీ నాలుగు నుంచి ఆరు దాకా. మధ్యాహ్నం కునుకు వేళ, రాత్రి సీరియళ్ల వేళ వద్దు. అడిగే ప్రశ్నల వరుసకూ లెక్కుంది. ఇంటి నుంచి దూరం, వయసు, ఇప్పటికే వేరే ట్రయల్‌లో ఉన్నారా, రక్తం పల్చబడే మందు వాడుతున్నారా, డయాలసిస్ ఉందా: ప్రోటోకాల్ ఖాయంగా కాదనే విషయాలు ముందు రావాలి. ఇంటి సంగతులు, అలవాట్లు ఏకరువు పెట్టించుకుని పావుగంట తర్వాత "మీరు సరిపోరండి" అనడం అమర్యాద. అవసరం లేని ఆరోగ్య సమాచారం పోగేసుకోవడం కూడా. మందుల సంగతి అడిగితే "పొద్దున ఒక తెల్లది, రాత్రి సగం పచ్చది" అంటారు. స్ట్రిప్పులు దగ్గర పెట్టుకుని పేర్లు చదివించుకోవాలి. చదవలేకపోతే ఆ ప్రశ్న మొదటి విజిట్‌కు వదిలేయాలి; వాట్సాప్‌లో ఫొటో పంపమంటే అది సిబ్బంది సొంత ఫోన్లలో ఏళ్లపాటు మిగిలిపోతుంది. వాట్సాప్ తప్పదనుకుంటే నంబర్ సంస్థది ఉండాలి, తుడిచివేత గడువు ఉండాలి.

"రేపు పరగడుపున రండి" అన్న మాట ఫోన్లో అననివ్వకండి. అధ్యయనం కోసమే ఉపవాసం ఉండమనడం అధ్యయనంలో భాగమే, అందుకు సమ్మతి ముందే కావాలి. అసలు ప్రమాదం వేరే ఉంది: షుగరు మాత్ర వేసుకుని, ఇన్సులిన్ తీసుకుని, ఏమీ తినకుండా వనస్థలిపురం నుంచి పంజాగుట్టకు బస్సెక్కిన పెద్దామె కళ్లు తిరిగి పడిపోవచ్చు. మొదటి విజిట్ తినే రావాలి, మాటలకూ సమ్మతి పత్రానికీ మాత్రమే. షుగర్ సంగతి తెలియాలంటే, సంతకం అయ్యాక హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేస్తే చాలు, దానికి పరగడుపు అక్కర్లేదు. పరగడుపు పరీక్ష తప్పదంటే రెండో విజిట్‌లో, పొద్దున మందులు ఎలా వేసుకోవాలో డాక్టరు చెప్పాక, రక్తం తీసిన వెంటనే టిఫిన్ పెట్టే ఏర్పాటుతో. ఆటో చార్జీలు రెండు విజిట్లకూ ఇవ్వాలి. ట్రయల్‌కు పనికిరాలేదని తేలినవాళ్లకు కూడా.

సమాచారం సంగతికొస్తే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఫారం ఉన్న పేజీలో మెటా పిక్సెల్‌గానీ గూగుల్ ట్యాగ్‌గానీ ఉందా? ఉంటే "ఈ మనిషి మతిమరుపు ట్రయల్ ఫారం నింపారు" అన్న సంకేతం ఆ కంపెనీలకు చేరుతుంది. ఏజెన్సీలు ఇంకో అడుగు ముందుకేసి, అర్హత ఉందని తేలినవాళ్ల వివరాలు తిరిగి పంపితే యంత్రం అలాంటివాళ్లనే వెతికి తెస్తుందంటాయి. నిజమే, తెస్తుంది. కానీ "అర్హులు" అని చెప్పడమంటే ఫలానా జబ్బుందని చెప్పడమే. "ఫోన్ ఎత్తారు" అన్న సంకేతం వరకు పంపితే చాలు. ఖర్చు కొంత పెరిగినా అక్కడ ఆగాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలివ్వాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నవే, కాబట్టి ఇంగ్లీషు నోటీసు ఒక్కటే పెట్టిన ఫారాన్ని వెనక్కి పంపండి. ఎంపిక కానివాళ్ల వివరాలు ఎన్ని రోజుల్లో తుడిచేస్తారో తేదీతో రాయించుకోండి. "భవిష్యత్ అధ్యయనాల కోసం ఉంచుకుంటాం" అన్నదానికి వేరే గడి, వేరే టిక్కు.

కామెంట్లను ఎవరూ పట్టించుకోరు. ప్రకటన కింద పెద్దలు "షుగర్ 280 ఉంది, ఈ నంబర్‌కు చేయండి" అని అందరికీ కనిపించేలా రాసేస్తారు. ముందే ఎంచుకున్న మాటలున్న కామెంట్లను దాచే వడపోత పేజీ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు, అయినా రోజుకు రెండుసార్లు మనిషి చూడాలి. "జనాన్ని ఎలుకలు చేస్తున్నారు" అనే కామెంట్లూ వస్తాయి. వాటిని తుడిచేయడం తేలిక, తెలివైన పని మాత్రం కాదు. ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) టీకా ఇచ్చిన ప్రాజెక్టులో చాలామందికి తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు, 2010లో ఆ ప్రాజెక్టును ఆపాల్సి వచ్చింది. జనం మరిచిపోలేదు, మరవాల్సిన పనీ లేదు. సీటీఆర్‌ఐ సంఖ్య, కమిటీ ఫోన్ నంబర్ ఇచ్చి, ఎప్పుడైనా మానేసే హక్కుందని చెప్పే జవాబు ఒకటి ముందే మీచేత ఆమోదింపజేసుకుని పెట్టుకోవాలి. అప్పటికే ట్రయల్‌లో ఉన్నవాళ్లు "మందు వేసుకున్నాక కాళ్లు వాచాయి" అని అక్కడే రాయవచ్చు. తీవ్రమైన దుష్ప్రభావాన్ని పరిశోధకుడు 24 గంటల్లో నివేదించాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. కామెంట్లు చూసేది మార్కెటింగ్ ఏజెన్సీ కుర్రాడైతే, ఆ మాట డాక్టరు దాకా ఎలా చేరుతుందో కాగితం మీద ఉండాలి.

ఇంతచేసినా ఈ ప్రకటనలు అందరినీ చేరవు. సొంత ఫోన్ ఉన్న, చదువుకున్న, కారున్న ఇళ్ల మగవాళ్లు ఎక్కువగా వస్తారు. ఆడవాళ్ల ఫోన్ చాలాసార్లు భర్తదో కోడలిదో. అందుకే ప్రతి నెలా వచ్చినవాళ్ల లెక్కను ఆడ, మగ, భాష, ప్రాంతం వారీగా తెప్పించుకుని, ఒకవైపు ఒరిగితే బస్తీ దవాఖానాల వైపు, కాలనీ సీనియర్ సిటిజన్ సంఘాల వైపు, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకులకు వచ్చే పెన్షనర్ల వైపు కాగితం ప్రకటనతో వెళ్లమనండి. చార్మినార్, టోలీచౌకీ వైపు ఉర్దూ ప్రకటన ఇస్తే ఉర్దూ సమ్మతి పత్రం, ఉర్దూ మాట్లాడే కోఆర్డినేటర్ ముందే సిద్ధంగా ఉండాలి.

స్పాన్సర్లకు ఒక లెక్క. ఒక ప్రకటన ఫారానికి 50 రూపాయల చొప్పున 10,000 రూపాయలకు 200 ఫారాలు తెచ్చి, చివరికి ఒక్కరినే చేర్చిందనుకుందాం. ఇంకోటి ఫారానికి 300 చొప్పున 9,000కు 30 ఫారాలే తెచ్చి ముగ్గురిని చేర్చిందనుకుందాం. ఏజెన్సీ నివేదికలో మొదటిదే గెలుస్తుంది. మీ ఖర్చు మాత్రం మొదటిదాంట్లో మనిషికి 10,000, రెండోదాంట్లో 3,000. ఆ 170 అదనపు ఫారాలకు కోఆర్డినేటర్ చేసిన ఫోన్లు ఈ లెక్కలో లేనేలేవు. ప్రతి ప్రకటనకు వేరే ఫోన్ నంబర్ ఇచ్చి, చేరినవాళ్లు ఏ ప్రకటన నుంచి వచ్చారో చివరిదాకా రాసుకుంటే తప్ప ఇది తేలదు.

చివరగా కమిటీలకు మా విన్నపం. ఇకపై బొమ్మతో పాటు శీర్షికలన్నీ, సెట్టింగుల స్క్రీన్‌షాట్లు, ఫారం లింకు, ఫోన్ స్క్రిప్టు, కామెంట్లకు జవాబులు, డేటా తుడిచే తేదీ ఒకే ఫైల్‌గా అడగండి. వాటిలో ఏది మారినా సవరణగా మళ్లీ మీ ముందుకు రావాలనండి. ప్రకటన ఆపే తేదీ కూడా అందులోనే ఉండాలి. చేర్చుకోవడం ముగిశాక ప్రకటన ఆపడం మరిచిపోతే, లేదా నంబర్‌ను ముందే తీసేస్తే, ఆలస్యంగా చూసి ఫోన్ చేసిన పెద్దలకు జవాబిచ్చేవాళ్లుండరు. చివరి ప్రకటన ఆగాక మరో 60 రోజుల పాటు ఆ నంబర్ పనిచేయాలి, "చేర్చుకోవడం అయిపోయిందండి, మీ వివరాలు తీసేశాం" అని చెప్పే మనిషి ఉండాలి.

ఇట్లు,
క్లినికల్ ట్రయల్స్‌లో రిక్రూట్‌మెంట్, కౌన్సెలింగ్, డేటా పనులు చూసే కోఆర్డినేటర్లు
హైదరాబాద్